చాదస్తానికి మందు అరటిపళ్లు కాదు

నరసన్నపేట నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా పెద్దాడు పదో తరగతి. వాళ్ల తాతయ్య ఏం చెప్పినా 'చాదస్తం' అని కొట్టిపారేస్తాడు. ఇది బడిలో మాన్పించగలిగేదేనా?"

మాన్పించవచ్చు. అయితే బళ్లు ఇప్పుడు చేస్తున్న పద్ధతిలో కాదు.

ఈ చిన్నచూపుకు 1969లో అమెరికా వైద్యుడు రాబర్ట్ బట్లర్ ఒక పేరు పెట్టాడు. మన భాషలో వయోవివక్ష. ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి ఇది ఉందని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నివేదిక చెప్పింది. కుర్రాళ్లకూ ఈ దెబ్బ తగులుతుంది. "పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ" అనేది పెద్దలే కదా! (అన్నట్టు, ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు. ఆ మాటే అరిగి అరిగి చాదస్తమై, వెక్కిరింతకు పనికొస్తోంది.)

ఇక అసలు కిటుకు. ఒకరంటే ఒకరికి చిన్నచూపున్న వర్గాల్ని ఒకచోట కూర్చోబెడితే చాలనుకునేవారికి 1954లోనే మనస్తత్వ శాస్త్రవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ అడ్డుపడ్డాడు. కలవడం ఒక్కటే చాలదు, ఇద్దరూ సమానంగా ఉండాలి, చేతిలో ఉమ్మడి పని ఉండాలి, ఆ పని ఒకరి సాయం లేకుండా మరొకరికి సాగకూడదు, పైవాళ్ల మద్దతూ ఉండాలి అన్నాడు. ఈ లెక్కన అక్టోబరు 1న, వృద్ధుల దినోత్సవం నాడు, బళ్లు చేయించే వృద్ధాశ్రమ సందర్శన చూడండి. పిల్లవాడు అరటిపండు ఇస్తాడు, అవ్వ పుచ్చుకుంటుంది, మాస్టారు ఫొటో తీస్తారు. ఇచ్చే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. ముసలితనమంటే నిస్సహాయతే అన్న పాఠం పిల్లవాడికి ఇంకాస్త గట్టిపడుతుంది.

పోనీ, గొప్పవాళ్లను చూపిద్దామా? తొంభై దాటాక కూడా విశాఖ నుంచి విజయనగరం వెళ్లి భౌతికశాస్త్రం బోధించిన ఆచార్య చిలుకూరి శాంతమ్మ ఉన్నారు. చెబితే పిల్లలు నోరు తెరుస్తారు, ఆపైన "ఆవిడ సంగతి వేరు" అనేస్తారు. ఆవిడను మినహాయింపుల పెట్టెలో పెట్టేసి, పాత అభిప్రాయాన్ని భద్రంగా దాచుకుంటారు. మనసు ఆడే ఈ దొంగాట మనస్తత్వ శాస్త్రవేత్తలకు బాగా తెలిసిందే.

అందుకే మామూలు మనిషి కావాలి, పని కావాలి. మీ శ్రీకాకుళం జిల్లాలోనే పొందూరు ఉంది. అక్కడ వయసు మళ్లిన ఆడవాళ్లు వాలుగ చేప దవడతో పత్తిని దువ్వుతారు. ఆ సన్నటి పళ్ల మధ్య నుంచి దూది పోగులు పోగులుగా విడివడుతుంది. పదో తరగతి కుర్రాడి చేతికి ఆ దవడ ఇస్తే మొదటిరోజు దూదంతా ఉండ చుట్టుకుపోతుంది. పక్కనున్న అవ్వ నవ్వుతుంది. ఆమె ఫోనులో పింఛను మెసేజి చదివిపెట్టడం అతని వంతు.

ఈ అక్టోబరులో పళ్ల డబ్బులు బస్సు టిక్కెట్లకు పెట్టండి మాస్టారూ.