చిల్లర గొడవ పోయింది, నోటు పోలేదు

వినుకొండ శివయ్య స్తూపం సెంటర్లో టీ తాగి పది రూపాయలు ఫోన్లో కొడితే కొట్టాయన తలెత్తడు. పాలగిన్నె పక్కనున్న డబ్బా "పది రూపాయలు వచ్చాయి" అని అరుస్తుంది, ఆయన తర్వాతి గ్లాసు కడుగుతాడు. ఏ యాప్‌తో పంపినా జనం నోట అది ‘ఫోన్‌పే’యే. వెనకటికి ఏ వనస్పతైనా డాల్డా అయినట్టు.

ఫోన్లో డబ్బు కొట్టే ఈ అలవాటు ఎప్పుడు పడిందంటే అందరూ నోట్ల రద్దు పేరు చెబుతారు. సగమే నిజం. 2016 నవంబరు 8 రాత్రి, చలామణీలో ఉన్న డబ్బులో విలువ లెక్కన 86 శాతం చెల్లకుండా పోయింది. డిజిటల్ చెల్లింపుల మీద వేసిన ముఖ్యమంత్రుల సంఘానికి చంద్రబాబే సారథి. ఆ డిసెంబరులోనే రాష్ట్రం ‘ఏపీ పర్స్’ అనే యాప్ తెచ్చింది. ఇప్పుడు ఏ కొట్టు గోడ మీదా దాని బొమ్మ కనపడదు.

నిలిచింది అదే ఏడాది వచ్చిన యూపీఐ. కెన్యాలో 2007లోనే ఫోన్లో డబ్బు పంపే ఎం-పెసా వచ్చింది గానీ, అక్కడ డబ్బు ఫోన్ కంపెనీ నడిపే ఖాతాలో ఉంటుంది. యూపీఐలో ఏ బ్యాంకు నుంచి ఏ బ్యాంకుకైనా నేరుగా పోతుంది, యాప్ ఏదైనా సరే. పైగా 2020 జనవరి 1 నుంచి వ్యాపారికి కమీషన్ సున్నా. కార్డు మిషను అయితే ప్రతి అమ్మకంలోనూ ఇంత కోసుకునేది. గోడకంటించిన క్యూఆర్ కాయితంలో ఉండేది డబ్బు ఎవరికి చేరాలో చెప్పే చిరునామా మాత్రమే. దానికి కరెంటు కూడా అక్కర్లేదు.

ఇక మిగిలింది నమ్మకం. పాత స్క్రీన్‌షాట్ చూపించి "కొట్టేశానన్నా" అని జారుకునేవాళ్లు తయారయ్యారు. మెసేజ్ చూసుకుందామంటే చేతులు తడి. ఆ చిక్కు విప్పింది డబ్బానే. దానికి సొంత సిమ్ ఉంటుంది, కబురు కొన్నవాడి ఫోన్ నుంచి కాక చెల్లింపుల కంపెనీ నుంచి వస్తుంది. చాలా డబ్బాలకు నెలనెలా అద్దె ఉంటుంది. కమీషన్ సున్నా అన్నారే గానీ అద్దె సున్నా అని ఎవరూ అనలేదు.

నిజానికి ఫోన్ తీర్చింది చిల్లర గొడవని. ఇదివరకు రూపాయి బాకీకి చాక్లెట్ చేతిలో పెట్టేవాళ్లు. అదే చాక్లెట్ మర్నాడు మనమిస్తే పుచ్చుకునేవాళ్లు కాదు.

నోటుకు మాత్రం ఢోకా లేదు. 2023 ఆగస్టులో దేశంలో యూపీఐ లావాదేవీలు ఒక్క నెలలో వెయ్యి కోట్లు దాటాయి. అయినా రద్దుకు ముందు జనం దగ్గర 18 లక్షల కోట్లకు లోపే ఉన్న నగదు, 2022 అక్టోబరుకే 30 లక్షల కోట్లు దాటేసింది. మిరపకోతల కాలంలో ఈ చుట్టుపక్కల చేలగట్ల మీదకెళ్తే లెక్క అర్థమవుతుంది. ఖాతాలో వేస్తానని మేస్త్రీ అంటే, కాయలు కోసే ఆడవాళ్లు చాలామంది చేతికే ఇమ్మంటారు. ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఒకటే, అది మొగుడి దగ్గరో కొడుకు దగ్గరో ఉంటుంది. అందులో పడ్డ కూలి ఎటు పోయిందో తెలియదు. నోటైతే కొంగున ముడేసుకుంటారు.