మీకు తెలుసా? కారు రంగును కాపాడేది నీళ్లు కాదు, గుడ్డ!

ఖతార్‌లో కుళాయికి పైపు తగిలించి కారు కడిగితే 20,000 రియాళ్ల దాకా జరిమానా పడొచ్చు. తెలుసా? నీళ్లు, కరెంటు పొదుపు కోసం 2008లో తెచ్చిన 26వ నంబరు చట్టంలో ఇది 10,000 రియాళ్లే. 2015లో 20వ నంబరు చట్టంతో సవరించి రెట్టింపు చేశారు. వాకిళ్లు మంచినీటి పైపుతో కడిగినా ఇదే లెక్క. అమలు చూసేది అక్కడి కరెంటు, నీళ్ల సంస్థ కహ్రమా. డాలరుకు 3.64 రియాళ్లన్నది ఎప్పటినుంచో మారని రేటు కాబట్టి, ఆ జరిమానా 5,500 డాలర్లకు కాస్త తక్కువ. మన పక్క బెంగళూరులో 2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు మంచినీళ్లతో కారు కడిగితే వేస్తామన్నది 5,000 రూపాయలు. దానికే గగ్గోలు పెట్టాం.

అక్కడి చట్టం అంత గట్టిగా ఉండటానికి కారణం ఉంది. ఖతార్‌లో ఒక్క నది లేదు. కుళాయిలో వచ్చే నీళ్లు దాదాపు అన్నీ సముద్రం నుంచి తోడి, ఉప్పు తీసినవే. దోహాలో ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 75 మిల్లీమీటర్లు. మన కోస్తాలో వాయుగుండం పడితే ఒక్క రాత్రికే అంత కురుస్తుంది.

అందుకే దోహాలోని అల్ మన్సూరాలో కారు కడగడమంటే ఒక బకెట్టూ కొన్ని గుడ్డలూ. బీ రింగ్ రోడ్డుకూ సీ రింగ్ రోడ్డుకూ మధ్య, నజ్మాను ఆనుకుని ఉన్న పేట ఇది. గ్రీన్ లైన్ మెట్రోకు చివరి స్టేషన్ ఇక్కడే అయినా, వీధి పొడుగునా కార్లు బయటే నిలబడి దుమ్ము తింటుంటాయి. పైపు ఉంటే సబ్బు తగలకముందే నీటి ధార ఇసుకను తోసేస్తుంది. పైపు లేని చోట ఆ పని కూడా గుడ్డ మీదే పడుతుంది. కాబట్టి ఏ షాంపూ, ఏ వ్యాక్స్ అని తలబద్దలు కొట్టుకునే ముందు ఏ గుడ్డ అన్నది తేల్చుకోవాలి.

కారు రంగు మీద ఉండే పారదర్శకమైన పూత, అదే క్లియర్ కోట్, మందం ఎంతో తెలుసా? చాలా కార్లకు 40, 50 మైక్రాన్ల ప్రాంతంలో ఉంటుంది. మన తల వెంట్రుక దానికన్నా లావు. కంటికి విడిగా కనిపించే ఇసుక రేణువు కూడా అంతే, పూత మందం కన్నా పెద్దది. ఇక గట్టిదనం సంగతి. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ స్కేలు మీద ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. మామూలు చాకు ఉక్కు ఐదున్నర దగ్గర ఆగుతుంది. గల్ఫ్ దుమ్ములో సున్నపురాయి పొడి లాంటి మెత్తని సరుకూ ఉంటుంది గానీ, గీత పడటానికి ఒక్క క్వార్ట్జ్ రేణువు చాలు. వేసవిలో వాయవ్యం నుంచి వీచే శమాల్ గాలి ఆ రేణువుల్ని తెచ్చి బానెట్ మీద పరుస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు ఉక్కపోతల్లో రాత్రి పడే తేమకు అదంతా తడిసి, పొద్దున ఎండకు ఎండి అట్టకడుతుంది. దాని మీద పాత బనీను వేసి బరబరా తుడిచేవాళ్లకు చెప్పేదొక్కటే: తుడవకుండా వదిలేసినా కారుకు అంత నష్టం లేదు.

నల్లకారు మీద లైటు పడినప్పుడు దాని చుట్టూ సాలెగూడులా గుండ్రటి గీతలు కనిపిస్తాయి కదా. గుండ్రంగా తుడవడం వల్లే అవి వచ్చాయని చాలామంది నమ్మకం. కాదు. గీతలు అన్ని దిక్కులకూ ఉంటాయి. వెలుతురు పడే దిక్కుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి కంటికి కనబడతాయి, అందుకే లైటు చుట్టూ వలయంలా తోస్తుంది. మీరు పక్కకు జరిగితే వలయమూ మీతో జరుగుతుంది. నిలువుగా తుడిచినా గీతలు పడతాయి, కాకపోతే అన్ని వైపుల నుంచీ కనపడవు. దోహాలో తెల్లకార్లు ఎక్కువ కాబట్టి ఈ బాధ చాలామంది కంట పడదు. కంట పడదంతే.

స్పాంజి ఎందుకు వద్దంటారు? దాని ముఖం చదునుగా ఉంటుంది. పట్టిన రేణువు లోపలికి పోయే దారి లేక స్పాంజికీ రంగుకీ మధ్యే ఉండిపోతుంది, మనం దాన్ని కారు పొడుగునా ఈడుస్తాం. చేతికి తొడుక్కునే వాష్ మిట్ పని వేరు. దాని పొడుగాటి పోగుల మధ్య సందుల్లోకి రేణువు జారిపోతుంది, పోగుల మొనలే రంగును తాకుతాయి. తెల్ల బకెట్లో మంచినీళ్లు పోసి, ఒక తలుపు తుడిచిన మిట్‌ను అందులో నాలుగుసార్లు ఆడించి చూడండి. అడుగున గోధుమరంగు ఇసుక గీతలా పేరుకుంటుంది. రెండు బకెట్లు పెట్టుకోవాలని చెప్పేది అందుకే. ఒకటి సబ్బు నీళ్లకు, ఒకటి మిట్ జాడించడానికి. బకెట్ అడుగున ప్లాస్టిక్ జల్లెడ వేస్తే దిగిన ఇసుక మళ్లీ పైకి లేవదు.

మిట్లలో రెండు రకాలు ముఖ్యం. గొర్రెపిల్ల ఉన్నివి మెత్తదనంలో మొదటివి, సందేహం లేదు. కానీ వెనక తోలు ఉంటుంది. సరిగ్గా ఆరకపోతే ముక్క వాసన, ఎండలో పడేస్తే బిరుసెక్కి పగుళ్లు. నీడన, గాలి తగిలేలా ఆరబెట్టే ఓపిక ఉన్నవాళ్లకే అవి. రెండో రకం, మెత్తటి వేళ్లలాంటి కుచ్చులు వేలాడే మైక్రోఫైబర్ షెనీల్ మిట్. వాషింగ్ మెషీన్లో వేసుకోవచ్చు, త్వరగా ఆరుతుంది, చవక. మన్సూరా వేడికీ అక్కడి ఫ్లాట్లలో దొరికే జాగాకూ రెండోదే నా ఓటు. ఏదైనా సరే, కింద పడితే ఇక ఆ రోజుకు దాని పని అయిపోయినట్టే. దులిపి వాడకూడదు.

అసలు ఈ మైక్రోఫైబర్ ఎక్కడిది? 1970లో జపాన్‌కు చెందిన టోరే కంపెనీలో మియోషి ఒకమోటో అనే శాస్త్రవేత్త అతి సన్నని పోగులతో అల్ట్రాస్వేడ్ అనే కృత్రిమ తోలును తయారుచేశారు. సన్న పోగుల బట్టల కథలో అదో పెద్ద మలుపు. 9,000 మీటర్ల పోగు ఒక గ్రాము తూగితే దాన్ని ఒక డెనియర్ అంటారు. పట్టుపురుగు తీసే పోగు ఇంచుమించు అంత. దానికన్నా సన్ననిది మైక్రోఫైబర్. కారు టవళ్లలో సాధారణంగా పాలియెస్టర్ 70, 80 పాళ్లు, మిగతాది పాలియమైడ్. రెండూ కలిపి తీసిన పోగును తర్వాత చీలుస్తారు. అడ్డంగా కోసి సూక్ష్మదర్శినిలో చూస్తే బత్తాయి తొనల్లా విడివడి ఉంటుంది. ఆ చీలికల సందుల్లోకే నీళ్లూ దుమ్మూ పోతాయి. చీల్చని పోగుతో నేసిన చౌక టవల్ పైకి అలాగే ఉంటుంది గానీ, నీటిని పీల్చదు, ముందుకు నెడుతుంది. కనిపెట్టడం సులువు. బల్ల మీద నాలుగు చుక్కలు పోసి టవల్‌తో నెట్టి చూడండి. లేదా పొడిచేత్తో నిమరండి. చీల్చిన పోగైతే అరచేతి గరుకు చర్మానికి పట్టుకుంటూ ఉంటుంది, కొందరికి అది ఒళ్లు జలదరింపు కూడా.

టవల్ పొట్లం మీద జీఎస్‌ఎం అని రాస్తారు. చదరపు మీటరు బట్ట ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ అంకె. వంటింటి త్రాసు ఉంటే అబద్ధం పట్టుకోవచ్చు. 40 సెంటీమీటర్ల చదరపు టవల్ 350 జీఎస్‌ఎం అయితే 56 గ్రాములు, 500 అయితే 80 గ్రాములు తూగాలి. వ్యాక్స్ తుడవడానికి పొట్టి బొచ్చుతో 300, 350 సరిపోతుంది. అద్దాలకు గళ్ల నేత టవల్ మేలు. తడి ఆర్చడానికి బరువైనది, పెద్దది కావాలి. అన్నిటికీ బరువైనదే గొప్పదనుకోవడం దండగ ఖర్చు. బొచ్చు మరీ ఎక్కువైతే వ్యాక్స్ తుడిచేటప్పుడు చెయ్యి ఆడదు.

బొచ్చు మెత్తగా ఉన్నా అంచు కుట్టు నైలాన్ దారంతో గట్టిగా ఉంటే అక్కడే గీత పడుతుంది. అంచు లేకుండా కోసిన టవళ్లు దొరుకుతాయి, అవే తీసుకోండి. కంపెనీ చీటీ కుట్టి ఉంటే దారం విప్పి తీసేయండి. అనుమానం ఉంటే పాత సీడీ ఒకటి వెతకండి, ఇంకా ఎవరింట్లోనైనా ఉంటే! మెరిసే వైపు టవల్‌తో గట్టిగా పదిసార్లు రుద్ది, లైటు కింద వాల్చి చూడండి. గీతలు కనిపిస్తే ఆ టవల్ చక్రాలకు.

షామీ గుడ్డ గురించి ఒక మాట. ఒకప్పుడు యూరప్ కొండల్లో తిరిగే షామ్వా అనే మేకజాతి జంతువు తోలుతో చేసేవారు. ఇప్పుడు తోలుదైతే గొర్రెదే, చేపనూనెతో పదును చేసింది. అంగళ్లలో డబ్బాల్లో అమ్మే పసుపుపచ్చ గుడ్డ తోలు కూడా కాదు, కృత్రిమం. తడి బాగా లాగుతాయి. కానీ రెండింటికీ బొచ్చు ఉండదు, స్పాంజి దోషమే వీటిదీ. మిగిలిపోయిన ఒక్క రేణువు చాలు. మన్సూరాలో దీని పని అద్దాలతో సరి.

నీళ్లతో మళ్లీ కడిగేయనక్కర్లేని వాష్ ద్రావణాలు వచ్చాక ఒక్క బకెట్‌తో కారంతా తుడిచే పద్ధతి బాగా వాడుకలోకి వచ్చింది. పైపు లేని ఊరికి ఇంతకన్నా మంచి ఉపాయం లేదు. అరడజను, ఎనిమిది టవళ్లు ఆ ద్రావణంలో నానేస్తారు. అదే ద్రావణాన్ని ముందు కారు మీద చల్లి, దుమ్ము నాని వదులయ్యే దాకా ఆగుతారు. ఒక టవల్ తీసి కొంచెం పిండి, నాలుగు మడతలు వేస్తారు. మడతలు తిప్పుకుంటూ పోతే ఒక్క టవల్‌కు ఎనిమిది శుభ్రమైన ముఖాలు. ఒక్కో ముఖంతో ఒక్కసారి, బరువు వేయకుండా, పైకప్పు నుంచి కిందికి. ఎనిమిదీ అయిపోతే ఆ టవల్ పక్కన పడేయడమే, మళ్లీ బకెట్లో ముంచరాదు. పద్ధతి ప్రాణమంతా ఈ చివరి మాటలో ఉంది. బకెట్లో నీళ్లు చివరిదాకా శుభ్రంగా ఉంటేనే చేసినట్టు లెక్క. తలుపుల కింది భాగం, బంపర్ వెనక వైపు చివరికి. చక్రాల గుడ్డ రంగే వేరుగా పెట్టుకోండి. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి పట్టిన గుడ్డ ఉతికినా మళ్లీ బానెట్ ఎక్కకూడదు.

వ్యాక్స్‌కు వద్దాం. కార్నూబా వ్యాక్స్ ఈశాన్య బ్రెజిల్‌లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది పొర. 82 నుంచి 86 డిగ్రీల దగ్గర గానీ కరగదు. తేనెమైనం 62, 64 డిగ్రీలకే కరుగుతుంది. అంత గట్టి సరుకును పలచగా రాయడానికి పనికొచ్చేది గుండ్రటి నురుగు అప్లికేటర్. తడిపి గట్టిగా పిండి, ఆ చెమ్మతో వాడితే వ్యాక్స్ తక్కువ పీలుస్తుంది. ద్రవరూపంలో ఉండే వ్యాక్స్‌కు మైక్రోఫైబర్ తొడుగున్న అప్లికేటర్ నయం. సిరామిక్ కోటింగ్‌కు స్వేడ్ గుడ్డ చుట్టిన చిన్న దిమ్మె, అది ఒక్కసారికే. ఆరితే గాజులా గట్టిపడి మరుసటిసారి గీస్తుంది. ఒక్కో సరుకుకు ఒక్కో అప్లికేటర్, కలపకండి. జులైలో దోహా పగటి వేడి సగటున 42 డిగ్రీల దాకా పోతుంది, ఎండలో ఉన్న బానెట్ మీద చెయ్యి ఆనించలేం. అప్పుడు రాస్తే వ్యాక్స్‌లోని ద్రావకం క్షణాల్లో ఎగిరిపోయి మరకలు మరకలుగా అతుక్కుంటుంది. బేస్‌మెంట్ పార్కింగ్ గానీ, పొద్దు వాలి రేకు చల్లబడ్డాక గానీ.

టవళ్లు ఉతికేటప్పుడు బట్టలు మెత్తబరిచే కంఫర్ట్ లాంటివి వేయకండి, పోగుల సందులు పూడుకుపోతాయి. నూలు బట్టలతో కలిపితే వాటి నూగంతా పట్టుకుంటుంది. వేడినీళ్లు వద్దు. బాల్కనీలో ఆరేస్తే శమాల్ గాలి ఇసుకను ఉచితంగా నింపి పెడుతుంది కాబట్టి గదిలోనే ఆరేసి, మూత ఉన్న డబ్బాలో పెట్టుకోండి.

కడప నుంచో, కోనసీమ నుంచో, కరీంనగర్ నుంచో వెళ్లి దోహాలో హౌస్ డ్రైవర్లుగా చేసే మనవాళ్లకు బండి నడపడమే కాదు, పొద్దున్నే తుడిచి పెట్టడమూ పనే. భవనాల పార్కింగుల్లో నెలవారీ లెక్కన కార్లు తుడిచే కుర్రాళ్లవీ అవే పాట్లు. ఒక్క బకెట్టు, ఒకటో రెండో గుడ్డలు, వరసగా ఎన్నో కార్లు. ముందు కారు ఇసుక మీ కారుకూ, మీ కారుది పక్కవారికీ. తప్పు ఆ కుర్రాడిది కాదు, అతని చేతికి ఎవరూ ఇంకో గుడ్డ ఇవ్వలేదు. మన్సూరాలో ఉంటున్న పాఠకులకు ఒక మనవి: ఒక షెనీల్ మిట్, అరడజను టవళ్లు కొని డిక్కీలో పెట్టండి. మీ కారు దగ్గరికి వచ్చేసరికి అవే వాడమని అతనికి చెప్పండి, ఉతకడం మాత్రం మీ ఇంట్లో పెట్టుకోండి.