బోర్డో మిశ్రమము - ద్రాక్షతోటలను కాపాడిన పరిశీలన

మైలుతుత్తము, సున్నము, నీరు కలిపి తయారుచేయు బోర్డో మిశ్రమము మన రైతులకు చిరపరిచితమైన మందు. తమలపాకు తోటలలోను, నిమ్మ, బత్తాయి తోటలలోను తెగుళ్ల నివారణకు దీనిని వాడుదురు. ఫ్రాన్సు దేశమున నైరుతి భాగముననున్న బోర్డో నగరమును బట్టి దీనికి ఆ పేరు వచ్చినది. ఆ నగర పరిసరములు ద్రాక్షసారాయమునకు ప్రసిద్ధములు. సారాయపు గుణము నేలను బట్టి, శీతోష్ణస్థితిని బట్టి ఏర్పడునని చెప్పుదురు. అది నిజమే. కాని నేలయు శీతోష్ణస్థితియు మారకుండగనే ఆ తోటలు నశించు ప్రమాదము ఒకప్పుడు ఏర్పడెను. వానిని నిలబెట్టినది మనుష్యుల కృషి.

1860 తరువాత ఫైలోక్సెరా అను చిన్న పురుగు అమెరికానుండి ఫ్రాన్సు చేరి, ద్రాక్షతీగల వేళ్లను పాడుచేయసాగెను. అమెరికా తీగల వేళ్లు దానిని తట్టుకొనగలవు. కావున అమెరికా తీగలను తెప్పించి, వానిపై ఫ్రెంచి తీగలను అంటుకట్టిరి. ఇంతలో అమెరికాకే చెందిన మరియొక శత్రువు ప్రవేశించెను. అది బూజు తెగులు. 1878లో అది ఫ్రాన్సులో మొదటిసారి కనబడెను. ఈ తెగులు సోకిన ఆకులపై పసుపుపచ్చని మచ్చలు, అడుగున తెల్లని బూజు ఏర్పడి, తుదకు ఆకులు రాలిపోవును. ఆకులు లేనిచో పండ్లకు చాలినంత చక్కెర చేరదు. పండ్లరసము పులియునప్పుడు ఆల్కహాలుగా మారునది ఆ చక్కెరయే.

ఆ కాలమున బోర్డో విశ్వవిద్యాలయములో మిల్లార్డే వృక్షశాస్త్ర ఆచార్యుడు. 1882 అక్టోబరులో ఆయన మెడాక్ ప్రాంతమునందలి సెయింట్ జూలియన్‌లో ఒక తోట ప్రక్కగా నడచుచుండెను. తోట లోపలి తీగల ఆకులు రాలిపోయినవి. బాటవెంట ఉన్న తీగలు మాత్రము ఆకులతో నిలిచియున్నవి. వానిపై నీలిరంగు పూత కనబడెను. బాటసారులు పండ్లు కోయకుండుటకై మైలుతుత్తము, సున్నము కలిపి చల్లితిమని తోట నిర్వాహకుడు డేవిడ్ చెప్పెను. విషమని భయపడి ఎవరును వానిని ముట్టరని వారి ఉద్దేశము.

దొంగలకై చల్లిన మందు తెగులును కూడ ఆపినదా? ఒక్క వరుస తీగలను చూచినంత మాత్రమున ఇది తేలదు. మిల్లార్డే రసాయన శాస్త్రజ్ఞుడైన గయోన్‌తోను, డేవిడ్‌తోను కలిసి, మందు చల్లిన తీగలను చల్లని తీగలతో పోల్చి చూచెను. 1885లో ఫలితములను ప్రకటించెను. ఆయన మొదటి పాళ్లు ఇవి: 100 లీటర్ల నీటిలో 8 కిలోగ్రాముల మైలుతుత్తము, 30 లీటర్ల నీటిలో 15 కిలోగ్రాముల సున్నము. నేడు సాధారణముగా 100 లీటర్ల నీటికి ఒక్కొక్క కిలోగ్రాము చాలును. సారాయములో రాగి చేరునేమో అను సందేహమును గయోన్ పరీక్షించెను. రసము పులియునప్పుడు రాగిలో అధికభాగము మడ్డితో అడుగున చేరునని తేలెను.

ఈ మందు పనిచేయు విధము తెలిసికొనదగినది. తెగులును కలిగించు సూక్ష్మజీవి సిద్ధబీజములు ఆకుమీది తడిలో ఈది, ఆకు రంధ్రముల ద్వారా లోనికి పోవును. పూతనుండి కొద్దికొద్దిగా కరగు రాగి వానిని అక్కడనే చంపును. లోనికి పోయిన తరువాత మందు పనిచేయదు. కనుక తెగులు రాకముందే చల్లవలెను. మైలుతుత్తము ఒక్కటే చల్లినచో ఆకులు మాడును. సున్నము దాని ఆమ్లగుణమును పోగొట్టి, పూత ఆకును అంటియుండునట్లు చేయును.

మిశ్రమమును పరీక్షించుటకు మెరుగుపెట్టిన ఇనుపకత్తిని అందులో కొంతసేపు ముంచవలెను. కత్తిపై ఎర్రని రాగి పేరుకొన్నచో సున్నము చాలలేదని అర్థము. ఈ కారణముననే దీనిని ఇనుప పాత్రలో కలుపరాదు.

ఈ మందునకు ఒక లోపము కలదు. రాగి నశించునది కాదు. ఏటేట చల్లినచో నేలలో చేరి వానపాములకు హాని చేయును. అందుచే ఐరోపా సమాఖ్య 2018లో ఒక నియమము చేసి, ఏడేండ్లలో హెక్టారుకు 28 కిలోగ్రాములకు మించి రాగి వాడరాదని నిర్ణయించెను. ఆ సంవత్సరముననే ఫ్రెంచి శాస్త్రజ్ఞుల కృషివలన ఆర్టబాన్, ఫ్లోరియల్, విడాక్, వోల్టిస్ అను తెగులును తట్టుకొను ద్రాక్షరకములు సాగునకు వచ్చినవి. మిల్లార్డే ప్రారంభించిన పని ఇంకను ముగియలేదు.