టీవీ వార్తల్లో డాక్టరు గారు: అపోహలు – వాస్తవాలు

భిలాయి వైశాలి నగర్‌లో రాత్రి భోజనాల వేళ మా ఇంట్లో తెలుగు వార్తలు, పక్కింట్లో హిందీ వార్తలు వస్తుంటాయి. రెండింటిలోనూ ఎవరో ఒక డాక్టరు గారు మాట్లాడతారు. మర్నాడు సెక్టార్ 9 ఆసుపత్రి ఓపీ లైనులో నిలబడితే ఆ మాటలే వినిపిస్తాయి, సగం మారిపోయి.

అపోహ: టీవీకెక్కిన డాక్టరు వైద్యం మానేసినట్టే.

వాస్తవం: 2001 నుంచి అమెరికా వార్తా ఛానల్ సీఎన్‌ఎన్‌లో ఉన్న సంజయ్ గుప్తాను చూడండి. ఆయన న్యూరోసర్జన్. అట్లాంటాలోని గ్రేడీ ఆసుపత్రిలో ఆపరేషన్లు మానలేదు. 2003లో ఇరాక్ యుద్ధ వార్తల కోసం అమెరికా నౌకాదళ వైద్యుల వెంట వెళ్లారు. ఆ బృందంలో మెదడు సర్జన్ లేడు. తలలో తూటా దిగి, ప్రాణం పోయిందనుకున్న సైనికుడికి నాడి ఆడుతోందని తెలియగానే గుప్తా మైకు పక్కన పెట్టి గ్లౌజులు తొడుక్కున్నారు. పుర్రె తెరిచే పరికరం లేదు. ఇంటి పనులకు వాడే మామూలు డ్రిల్లునే క్రిములు లేకుండా శుద్ధి చేసి వాడారు. సైనికుడు బతికాడు. అంతకు కొద్ది రోజుల ముందు ఆయనే ఆపరేషన్ చేసిన రెండేళ్ల ఇరాకీ పసివాడు మాత్రం దక్కలేదు. అతని గురించి కూడా మనం చెప్పుకోవాలి.

అపోహ: గుప్తా అంటున్నారు కాబట్టి మన తెలుగువాడే.

వాస్తవం: కాదు. తల్లి దమయంతి సింధ్‌లో పుట్టి, దేశవిభజనలో ఊరు వదిలిన కుటుంబం బిడ్డ. 1967లో ఫోర్డ్ కంపెనీలో తొలి మహిళా ఇంజనీరుగా చేరారు. మాది భిలాయి, ఉక్కు ఊరు; అందుకే ఇంజనీరైన ఆ తల్లిని తలుచుకుంటే నాకు సొంత మనిషిలా అనిపిస్తుంది.

అపోహ: అంత పెద్ద డాక్టరు టీవీలో తప్పు చెప్పరు.

వాస్తవం: చెబుతారు. 2007లో 'సికో' అనే డాక్యుమెంటరీలోని లెక్కలను గుప్తా తప్పుబట్టారు. క్యూబాలో ఒక్కో మనిషి వైద్యానికి అయ్యే ఖర్చు సినిమాలో 251 డాలర్లని ఉంటే, అందులో 25 డాలర్లే అన్నారని గుప్తా చెప్పారు. పొరపాటును సీఎన్‌ఎన్ తర్వాత ఒప్పుకుంది. గంజాయి వైద్య ప్రయోజనాలపై తన పాత అభిప్రాయం సరికాదని 2013లో ఆయనే బహిరంగంగా రాశారు. తప్పు దిద్దుకునే డాక్టరుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

అపోహ: టీవీకి ఫోన్ చేస్తే వచ్చే జవాబు మనకు రాసిచ్చిన మందుచీటీతో సమానం.

వాస్తవం: అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే. ఆ డాక్టరు మీ నాడి చూడలేదు, మీ రిపోర్టులు చదవలేదు. మన దేశంలో 2002 నాటి వైద్య నియమావళి ప్రకారం డాక్టరు ప్రజారోగ్యం గురించి రేడియోలో, టీవీలో ప్రసంగించవచ్చు. తనకు ప్రచారం కోసం, రోగులను రప్పించుకోవడం కోసం మాత్రం మాట్లాడకూడదు. అంటే ఆ మాటలు ఊరందరికీ చెప్పేవి, మీ ఒక్కరి కోసం కాదు. మా వీధిలో ఒక బాబాయి గారు ఏదో ఛానల్లో విన్న మాట పట్టుకుని బీపీ మాత్ర ఆపేశారు. పది రోజులకే కళ్లు తిరిగి వాకిట్లో పడిపోయారు.

టీవీలో విన్నది కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం తీసుకెళ్లి మీ డాక్టరు గారికి చూపించండి. ఆయన చెప్పేదాకా మాత్ర ఆపకండి.