సంతకము వేరు, సమ్మతి వేరు

తిరుపతి నుండి చెన్నైకి పోవు రహదారిలో వడమాలపేట దాటిన కొంతసేపటికి పుత్తూరు వచ్చును. చేయి విరిగినను, కాలు విరిగినను ఈ ప్రాంతమువారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది పుత్తూరు కట్టు. విరిగిన యెముకను చేతితో తడవి సరిచేసి, ఆకుపసరును, కోడిగ్రుడ్డు తెల్లసొనను పట్టించి, వెదురు బద్దలుంచి, గుడ్డతో గట్టిగా కట్టుదురు. ఇది తరతరములుగా వచ్చుచున్న వైద్యము.

వడమాలపేట రైతొకడు చెట్టుమీద నుండి పడి, ముంజేయి విరిగి, అచ్చటికి పోయెననుకొందము. అతనిని ఎవరును బలవంతము చేయలేదు. ఇరుగుపొరుగు వారికి ఆ కట్టువలన కలిగిన మేలు అతడు చూచియున్నాడు. ఏమి పట్టించుచున్నారో, ఏమి కట్టుచున్నారో కన్నులార చూచుచున్నాడు. ఇష్టము లేకున్న లేచిపోవచ్చును. ఇంతవరకు అతని సమ్మతి సరియైనదే.

కాని ఎముక చర్మమును చీల్చుకొని బయటకు వచ్చినదనుకొందము. అట్టి గాయము ద్వారా సూక్ష్మజీవులు ఎముకలోనికి ప్రవేశింపగలవు. నరములు, రక్తనాళములు తెగియుండవచ్చును. అప్పుడు ఆలస్యము లేకుండ ఆసుపత్రికి పోవలయును. ఈ సంగతి అతనికి చెప్పువారు లేనిచో అతని నిర్ణయములో నమ్మకము కలదు గాని యెరుక లేదు. ఎరుక లేని ఒప్పుకోలు సగము ఒప్పుకోలు మాత్రమే. ఈ సూత్రము కట్టు కట్టువారికే గాదు, పెద్ద ఆసుపత్రులలోని శస్త్రవైద్యులకును, క్రొత్త మందులను పరీక్షించు శాస్త్రజ్ఞులకును ఒక్కటే.

రెండు క్రొత్త విద్యలు

వైద్యములోను, జీవశాస్త్రములోను ఏది చేయదగును, ఏది చేయరాదు అని విచారించు శాస్త్రమునకు జీవనీతిశాస్త్రము అని పేరు. రోగి అనుభవమును, బాధను, భాషను, ఆచారములను సాహిత్యము, చరిత్ర, తత్త్వశాస్త్రముల సహాయముతో వైద్యునకు బోధించునవి వైద్య మానవీయ విద్యలు. మొదటిది "ఇది న్యాయమా?" అని అడుగును. రెండవది "ఈ మనుష్యుడు ఎవరు?" అని అడుగును. ఈ రెండు ప్రశ్నలును కలిసినగాని వైద్యము పూర్తికాదు.

ఈ ప్రశ్నలు గ్రంథములలో పుట్టినవి కావు, మనుష్యులు పడిన బాధలనుండి పుట్టినవి. రెండవ ప్రపంచయుద్ధకాలమున నాజీ వైద్యులు ఖైదీలపై క్రూరమైన ప్రయోగములు చేసిరి. వారిని విచారించిన న్యాయస్థానము 1947లో 10 సూత్రములను ప్రకటించెను. నూరెంబర్గు నియమావళి అనబడు దానిలో మొట్టమొదటిది: మనుష్యునిపై ప్రయోగము చేయుటకు అతని స్వచ్ఛందమైన సమ్మతి తప్పనిసరి. అయినను అమెరికాలోని టస్కెగీలో 1932లో ఆరంభమైన ఒక పరిశోధన 1972 వరకు సాగినది. అందు 399 మంది సవాయిరోగము గల నల్లజాతి పురుషులకు వారి వ్యాధి యేదో చెప్పలేదు. పెనిసిలిన్ ఆ రోగమును కుదుర్చునని తెలిసిన పిమ్మటను ఇయ్యలేదు. 1964లో ప్రపంచ వైద్యసంఘము చేసిన హెల్సింకీ ప్రకటనము ఇట్టి పరిశోధనలకు కట్టుబాట్లు విధించినది.

ఖమ్మము జిల్లాలో జరిగినది

ఇవన్నియు దూరదేశపు మాటలని ఉపాధ్యాయులు తలంపరాదు. 2009లో, అప్పటి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో, భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో, 10 నుండి 14 ఏండ్ల వయస్సుగల సుమారు 14,000 మంది బాలికలకు ఒక టీకా వేసిరి. గర్భాశయముఖమున పుట్టు క్యాన్సరునకు మూలమగు పాపిల్లోమా వైరసును నిరోధించు టీకా అది. పాత్ అను అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్రప్రభుత్వము కలిసి ఈ పథకమును నడిపినవి. గుజరాతులోని వడోదర జిల్లాలోను ఇట్టిదే జరిగినది. బాలికలలో పెక్కుమంది గిరిజనుల పిల్లలు, వసతిగృహములలో ఉండి చదువుకొనువారు.

టీకా వేసికొన్న బాలికలలో, రెండు రాష్ట్రములలోను కలిపి 7 గురు మరణించిరి. ఆందోళన కలిగి, 2010 ఏప్రిలులో పథకమును నిలిపివేసిరి. కేంద్రప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఆ మరణములకు టీకా కారణము కాకపోవచ్చునని తేల్చినది. టీకా మంచిదా కాదా యన్నది ఇచ్చట వివాదము కాదు. ఆ వైరసునకును, ఆ క్యాన్సరునకును గల సంబంధమును కనుగొన్న హరాల్డ్ సూర్ హౌసెన్‌కు 2008లో నోబెలు బహుమానములో భాగము లభించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ టీకాను సిఫారసు చేయుచున్నది.

తప్పు వేరొక చోట బయటపడినది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీసంఘము తన 72వ నివేదికలో సమ్మతిపత్రముల లెక్కను వెల్లడించినది. ఆంధ్రప్రదేశమునకు చెందిన 9,543 పత్రములలో 1,948 వేలిముద్రలు కలవి. 2,763 పత్రములపై సంతకము చేసినవారు తలిదండ్రులు కారు, వసతిగృహ సంరక్షకులు. అనగా నూటికి సుమారు 29 వంతులు! పెక్కు పత్రములపై సాక్షుల సంతకములు లేవు, తేదీలు లేవు. పథకమును నడిపినవారు ఇది ఆమోదము పొందిన టీకాను గూర్చిన పరిశీలన మాత్రమేననిరి. స్థాయీసంఘము దీనిని మందుల ప్రయోగముగానే భావించినది. పాత్ సంస్థ సంఘము చేసిన విమర్శలను అంగీకరింపలేదు.

వేలిముద్ర వేయుట తప్పు కాదు. చదువురాని తల్లికిని బిడ్డ మేలు కీడులను విచారించు తెలివి కలదు. ఆమెకు ఆమె భాషలో చదివి వినిపించి, అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పి, ఏ పక్షమునకును చెందని సాక్షి యెదుట వేలిముద్ర తీసికొనినచో అది నూటికి నూరుపాళ్లు సమ్మతియే. ఆమెను అసలే అడుగక వేరొకరు చేసిన సంతకము ఎంత అందముగా ఉన్నను సమ్మతి కాదు.

సమ్మతికి నాలుగు కాళ్లు

మంచమునకు వలె సమ్మతికిని నాలుగు కాళ్లు కలవు. ఒకటి విరిగినను మంచము నిలువదు.

మొదటిది తెలుపుట. ఏమి చేయుదురు, ఎందుకు చేయుదురు, ఏమి అపాయము కలుగవచ్చును, వేరు మార్గములు కలవా అను నాలుగు సంగతులు చెప్పవలయును. రెండవది గ్రహించుట. కోయభాష మాటలాడు తండ్రికి ఇంగ్లీషు పత్రము చూపినచో తెలిపినట్లు కాదు. విన్నవానిచేత తిరిగి చెప్పించుకొనుట దీనికి మంచి పరీక్ష. మూడవది స్వేచ్ఛ. వద్దన్నచో వసతిగృహములో చోటు పోవునేమో, అయ్యవారికి కోపము వచ్చునేమో యను భయము ఉండరాదు. మొదట ఒప్పుకొని పిదప వద్దనుటకును హక్కు కలదు. నాలుగవది అధికారము. ఎవరి శరీరమో వారే ఒప్పుకొనవలయును.

ఈ నాలుగవదానిని మన సుప్రీంకోర్టు 2008లో స్పష్టము చేసినది. ఒక స్త్రీ పరీక్షకు మాత్రము ఒప్పుకొని మత్తుమందు తీసికొన్నది. ఆమె మత్తులో ఉండగా ఆమె తల్లిని అడిగి గర్భాశయమును, అండాశయములను తొలగించిరి. ప్రాణాపాయము లేనప్పుడు, వయస్సు వచ్చిన స్త్రీ మెలకువ వచ్చి తానే నిర్ణయించుకొను వరకు ఆగవలసినదనియు, తల్లి యిచ్చిన సమ్మతి చెల్లదనియు న్యాయస్థానము తీర్పు చెప్పినది.

మరి బాలల మాట? వారి పక్షమున తలిదండ్రులు గాని, చట్టసమ్మతుడైన సంరక్షకుడు గాని ఒప్పుకొనవలయును. అంతటితో చాలదు. పరిశోధనల విషయమున భారత వైద్య పరిశోధన మండలి 2017లో ప్రకటించిన మార్గదర్శక సూత్రముల ప్రకారము 7 ఏండ్లు దాటిన బిడ్డను కూడ అడిగి, నోటిమాటగా అంగీకారము పొందవలయును. 12 ఏండ్లు దాటినచో దానిని వ్రాతమూలముగా తీసికొనవలయును. ఎనిమిదవ తరగతి బాలికకు ఈ విషయములో ఒక మాట కలదన్నమాట.

పాఠశాలలో చేయదగిన పని

2019 నుండి మన దేశమున ఎం.బి.బి.ఎస్. పాఠ్యక్రమములో నడవడి, నీతి, రోగితో మాటలాడు విధానము అనునవి బోధనాంశములుగా చేరినవి. ఇట్టి విషయములు వైద్యకళాశాల గోడల నడుమనే ఉండిపోరాదు. రోగి కాదగినవారందరికిని, అనగా మనకందరికిని, ఇవి తెలియవలయును. వడమాలపేట వంటి చోటనుండు ఉన్నత పాఠశాలలో ఒక సాయంకాలము బహిరంగోపన్యాసము ఏర్పాటు చేయుట కష్టము కాదు. వైద్యుడొకడు, న్యాయవాది యొకడు, తెలుగు ఉపాధ్యాయుడొకడు చెరియొక పావుగంట మాటలాడినచో చాలును. తక్కిన కాలమంతయు పిల్లల ప్రశ్నలకు, వారి తలిదండ్రుల ప్రశ్నలకు విడువవలయును.

టీకాలు వేయించుట, రక్తపరీక్షలు చేయించుట వంటి మంచి పనులు పాఠశాలలలో జరుగుచునే యుండును. జరుగవలయును కూడ. టీకాయని విన్నంతనే భయపడి పిల్లలను దాచుట ఖమ్మము నేర్పిన పాఠము కాదు. ప్రధానోపాధ్యాయుని బల్లమీదికి కాగితముల కట్ట వచ్చినప్పుడు ఆయన మూడు ప్రశ్నలు వేసికొనవలయును: ఇది చికిత్సయా, పరిశోధనయా? పిల్లల తలిదండ్రులకు వారి మాటలలో ఎవరు చెప్పినారు? పిల్లను ఎవరైన అడిగినారా? ఈ మూడింటికిని జవాబు దొరకువరకు కలము మూసియుంచుటయే మేలు. రెండురోజులు ఆలస్యమైనను, ఊరిలోని తల్లి వచ్చి, విని, తెలిసికొని వేసిన వేలిముద్రకు ఉన్న విలువ అయ్యవారి సంతకమునకు లేదు.