పురుగు దవడల నుంచి పుట్టిన రంపం

1927లో జర్మనీలోని తురింగియాలో, డోల్మార్ అనే కొండ మీద ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు గొలుసు రంపంతో, అంటే చైన్ సాతో, చెట్లు కోసి చూశాడు. దాని బరువు 58 కిలోలు. ఇటొకరు అటొకరు పడితే తప్ప లేచేది కాదు. అంతకు ఏడాది ముందే స్టుట్‌గార్ట్‌లో ఆండ్రియాస్ స్టిల్ కరెంటు రంపం తయారుచేశాడు గానీ, అడవిలో కరెంటు ఎక్కడిది? రెండు మూడేళ్లలో ఆయనా పెట్రోలు దారే పట్టాడు. 1950లో ఒక్క మనిషి మోయగల 16 కిలోల రంపం, 1959లో 12 కిలోల 'కాంట్రా' ఆ కంపెనీ నుంచే వచ్చాయి.

బరువు తగ్గింది సరే, కోత సంగతి? తొలినాటి గొలుసులకు చేతిరంపం పళ్లే ఉండేవి. అవి కలపను గీరేవి, ఊరికే మొండిబారేవి. పనికన్నా పదును పెట్టడానికే ఎక్కువసేపు పట్టేది. 1946లో అమెరికాలోని ఆరెగాన్ అడవుల్లో చెట్లు కొట్టే జోసెఫ్ కాక్స్ ఒక మొద్దులో చూపుడువేలంత లార్వాను చూశాడు. నారకు అడ్డంగానో నిలువుగానో అన్న తేడా లేకుండా అది చెక్కను తొలుచుకుపోతోంది. దాని దవడలు ఒకటి కుడికి, ఒకటి ఎడమకి కొరుకుతున్నాయి. కాక్స్ ఆ దవడల వంపును ఉక్కులోకి తెచ్చాడు: కుడివైపు ఒక పన్ను, ఎడమవైపు ఒక పన్ను, గొలుసు పొడవునా అలాగే. 1947లో ఆ గొలుసు అమ్మకానికి వచ్చింది. ఇవాళ మనం చూసే గొలుసులు దాదాపు అన్నీ దాని సంతానమే. ఓపికగా గమనించే కన్ను ఎంత పని చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఆ పంటిని దగ్గరగా చూడండి. కోసే అంచుకు ముందు చిన్న ఉక్కు మెట్టు ఉంటుంది. అంచుకన్నా అది సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందుగా ఉండాలి. ఎంత మందం పెచ్చు లేవాలో నిర్ణయించేది ఆ తేడాయే. గుండ్రటి ఆకురాయితో పదును పెట్టిన కొద్దీ పన్ను అరిగి కిందికి దిగుతుంది. కాబట్టి అప్పుడప్పుడు మెట్టును కూడా అరగదీయాలి. మరీ తగ్గిస్తే గొలుసు కలపను పట్టేసి రంపాన్ని గుంజుతుంది. కోతలో పెచ్చులు రాలుతుంటే పదును ఉన్నట్టు. మెత్తటి పొట్టు రాలితే ఆపి ఆకురాయి తీయాల్సిందే.

గొలుసు ఎలాగూ అరిగేదే, పదును పెట్టుకునేదే. అందువల్ల సెకండ్ హ్యాండ్ చైన్ సా కొనేవారు గొలుసును చూసి బేరం వదులుకోనక్కర్లేదు. గొలుసు మార్చుకోవచ్చు. చూడాల్సింది సిలిండర్‌ను. ఇది టూ-స్ట్రోక్ ఇంజన్. దీనికి విడిగా ఇంజన్ ఆయిల్ ఉండదు, పెట్రోలులో కలిపిన ఆయిలే పిస్టన్‌ను కాపాడుతుంది. చాలా కంపెనీల లెక్క 50కి 1, అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు. ఎవరైనా ఒక్కసారి ఉత్త పెట్రోలు పోసి నడిపినా పిస్టన్ గీసుకుపోతుంది. సైలెన్సర్ విప్పి, లోపలికి టార్చి వేసి చూడండి. పిస్టన్ మీద నిలువు గీతలు కనిపిస్తే ఎంత చవకైనా వద్దు. తర్వాత స్విచ్ ఆపి, స్టార్టర్ తాడు పిడి పట్టుకుని రంపాన్ని వేలాడదీయండి. ఆగి ఆగి దిగితే కంప్రెషన్ ఉన్నట్టే. జర్రున జారితే లేదు. ఇక స్టార్ట్ చేసి, ఐడిల్‌లో గొలుసు తిరగకుండా నిలబడుతోందా, గొలుసు చుట్టూ తిరిగే పట్టీకి, అంటే బార్‌కు ఆయిల్ అందుతోందా చూడాలి. వేగం పెంచి బార్ ముక్కును అట్టముక్క దగ్గర పెడితే దాని మీద నూనె చార పడాలి.

ఈ రంపం ఎటు వంచినా ఆగకుండా నడవడానికి కారణం కార్బురేటర్‌లోని పలుచని డయాఫ్రమ్ పొర. మన దగ్గర ఇప్పుడు పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత పొరలనూ రబ్బరు గొట్టాలనూ పాడుచేస్తుంది. నెలల తరబడి పక్కన పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడపాలి. 2014లో హుద్‌హుద్ తుపానుకు విశాఖ వీధుల్లో కూలిన చెట్ల లాంటివి తొలగించాల్సి వచ్చిన రోజునే రంపం మొరాయించడానికి చాలాసార్లు కారణం నిల్వ పెట్రోలే.

ఇక ప్రాణాల సంగతి. బార్ ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం రెప్పపాటులో మనిషి ముఖం మీదికి ఎగురుతుంది. అలా ఎగిరినప్పుడు గొలుసును ఆపే చైన్ బ్రేక్ 1970లలోగానీ రాలేదు. ఇంజన్ నడుస్తుండగా ముందరి గార్డును మణికట్టుతో ముందుకు నెట్టండి. గొలుసు అక్కడికక్కడే ఆగాలి. ఆగకపోతే, అసలు బ్రేకే లేకపోతే, ఇంజన్ ఎంత బాగున్నా ఆ రంపం కొనకండి.