నీలం, పసుపు కలిసే చోటు

శ్రీకాళహస్తి కలంకారీలో ఆకుపచ్చ కావాలంటే ముందు పసుపు వేసి, దాని మీద నీలిమందు పూస్తారు. ఇదే పనిని కంప్యూటరుకు అప్పగించి చూడండి. తెర మీది స్వచ్ఛమైన నీలానికి విలువలు 0, 0, 255. పసుపుకు 255, 255, 0. రెంటినీ సగం సగం కలిపితే మూడు విలువలూ 128 దగ్గర ఆగుతాయి. వచ్చేది ఆకుపచ్చ కాదు, బూడిద రంగు.

తప్పు యంత్రానిది కాదు. తెర కాంతిని వెదజల్లుతుంది. రంగు పదార్థం కాంతిని మింగుతుంది. పసుపు పదార్థం నీలి కాంతిని మింగేస్తే, నీలిమందు ఎరుపును మింగుతుంది. రెండూ కొంతైనా వదిలిపెట్టిన ఆకుపచ్చే మన కంటిదాకా వస్తుంది. ఒక రంగును మూడే అంకెల్లో రాసుకున్నప్పుడు, ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి మిగిలిందన్న వివరం పోతుంది.

ఆ వివరాన్ని లెక్కకట్టే దారి కంప్యూటర్లు రాకముందే దొరికింది. 1931లో పాల్ కుబెల్కా, ఫ్రాంజ్ మంక్ ప్రతి తరంగదైర్ఘ్యం దగ్గర రంగుపూత ఎంత కాంతిని పీల్చుకుంటుంది, ఎంత చెదరగొడుతుంది అన్న రెండు రాశులతో సమీకరణాలు రాశారు. 2021లో షార్కా సోచొరోవా, ఒంద్రేయ్ యామ్రిష్కా ఆ సిద్ధాంతాన్ని డిజిటల్ కుంచెకు తేలిగ్గా అందేలా మలిచారు. తెర మీది ఏ రంగునైనా కొన్ని అసలు రంగు పదార్థాల పాళ్లుగా విడదీసి, ఆ పాళ్లను కలిపి, మళ్లీ తెర రంగుగా మార్చడం వారి పద్ధతి. అక్కడ నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చే వస్తుంది. తొంభై ఏళ్ల నాటి భౌతికశాస్త్రం ఈనాటి చిత్రకారుడి చేతికి అందిన ఈ తీరు నాకెంతో అపురూపం.

నీటిరంగుల సంగతి ఇంకా లోతైనది. తడి మరక అంచుల దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది. ఆ లోటు తీర్చడానికి లోపలి నీరు అంచువైపు పారుతూ రంగు రేణువులను మోసుకుపోతుంది. ఆరిన మరక చుట్టూ ముదురు గీత మిగలడానికి కారణం ఇదే. 1997లో కాసిడీ కర్టిస్ బృందం ఈ ప్రవాహాన్ని కంప్యూటరులో అనుకరించింది. అయినా ఆ పనిని నేను కాగితానికే వదిలేస్తాను. కాగితపు గరుకు, ఆ రోజు గాలిలో తేమ, చేతి కదలిక కలిసి చేసే పనిని ముందుగా ఎవరూ రాసిపెట్టలేరు.

కాగితం మీద పూత ఆరాక స్కాన్ చేయాలి. అంగుళానికి 300 చుక్కల చొప్పున ఏ4 కాగితం 2480 × 3508 పిక్సెళ్లవుతుంది. విడిగా గీసిన పెన్సిల్ గీతలను దాని మీద మల్టిప్లై లేయరుగా పరిస్తే, కాగితపు తెలుపును (255) ఇక్కడ 1గా లెక్కిస్తారు కాబట్టి గుణించినా కింది రంగు మారదు; గీతలే నిలుస్తాయి. ఆకాశం ఇంకాస్త ముదరాలా, చెట్టు పక్కకు జరగాలా అన్నది తెర మీద భయం లేకుండా తేల్చుకోవచ్చు. అసలు బొమ్మ చెక్కుచెదరదు. ఒక్క జాగ్రత్త మాత్రం ముఖ్యం: వాడిన ప్రతి రంగునూ కాగితం అంచున చిన్న గడిలో పూసి, బొమ్మతోపాటే స్కాన్ చేయాలి. స్కానరు పచ్చను కాస్త పాలిపోయినట్టు చూపినా, పక్కన అసలు కాగితం పెట్టుకుని ఆ గడి దానితో సరిపోయేలా మొత్తం స్కానును సరిచేస్తే బొమ్మలోని ఆకులూ దారికొస్తాయి.